చెట్టుకి వేలాడే పుల్లల సంచిని లాగొద్దు, ముందు ఇలా చూడండి

కొమ్మకి ఎండు పుల్లలన్నీ కలిపి కట్టినట్టు ఏదో వేలాడుతూ కనిపిస్తే చాలామంది గాలికి చిక్కుకున్న చెత్త అనుకుని వదిలేస్తారు, పురుగని తెలిసినవాళ్ళేమో వెంటనే పట్టుకుని లాగేస్తారు. రెండూ వద్దు. లోపల ఉన్నది ఒక మాత్ (సీతాకోకచిలుక లాంటి పురుగు) తాలూకు గొంగళి పురుగు. తన చుట్టూ తనే పట్టుదారంతో సంచి నేసుకుని, దాని మీద ఆకు ముక్కలు, పుల్లలు, బెరడు, ఇసుక, ఏది దొరికితే అది అంటించుకుని, ఆ ఇంటిని మోసుకుంటూనే ఆకులు తింటూ తిరుగుతుంది. సంచి పురుగు అన్నా బ్యాగ్‌వర్మ్ అన్నా ఇదే. సైకిడే అనే కుటుంబం, ప్రపంచం మొత్తం మీద దాదాపు 1,350 జాతులున్నాయి. ఇవి కాక కోలియోఫోరా అని ఇంకో గుంపు ఉంది, అందులో కూడా వెయ్యికి పైగా జాతులు, వాటి సంచులు బాగా చిన్నవి, వాటిని కేస్‌బేరర్లు అంటారు. ఈ రెండిట్నీ ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో పెట్టి ఎలా పెంచాలి, మరీ ఎక్కువైతే ఏం చేయాలి, అదంతా చెప్తాను. మీకు పురుగుని చూడాలనున్నా, పెంచాలనున్నా, చంపాలనున్నా, మొదలు మాత్రం ఒకటే, సంచి ఎలా అతుక్కుని ఉందో చూడటం.

సామాను పెద్దగా అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న లెన్స్, పదునైన కత్తెర, ఫోను, ఒక టార్చి. లెన్స్ లేకపోతే ఫోనులో దగ్గరగా ఫొటో తీసి జూమ్ చేసుకున్నా సగం పని అయిపోతుంది. ఈ పురుగులకి దురద పెట్టే నూగు ఉండదు కాబట్టి ముట్టుకోవడానికి భయం లేదు, కానీ అదే కొమ్మ మీద వేరే నూగు గొంగళి ఉండొచ్చు, అది చూసుకుని చెయ్యి పెట్టండి.

సరే, ఇప్పుడు సంచి దగ్గరికి వెళ్ళి ముట్టుకోకుండా పైభాగం చూడండి. ఇంకా తింటున్న పురుగైతే కొన్ని దారాలతో తాత్కాలికంగా వేలాడుతుంటుంది, పైన మూతి దగ్గర సంచి మెత్తగా, ముడతలు ముడతలుగా ఉంటుంది, ఓపిగ్గా నిలబడితే అందులోంచి తల, మూడు జతల కాళ్ళు బయటికొస్తాయి. తినడం ఆపేసి ప్యూపా, అంటే మాత్‌గా మారే ముందు కదలకుండా ఉండే దశ, కాబోతున్నదైతే కొమ్మ చుట్టూ పట్టుదారం మళ్ళీ మళ్ళీ తిప్పి మందంగా పట్టీ కట్టేస్తుంది, సంచి గాలికి ఊగుతుంది గానీ ఆ పట్టీ కదలదు. ఈ రెండిటికీ మధ్యలో ఇంకోటుంది, అక్కడే జనం పొరపడతారు. పురుగు కుబుసం విడిచేటప్పుడు కూడా మూతి బిగించేసుకుని కొన్నాళ్ళు అలా కదలకుండా ఉండిపోతుంది, చచ్చిపోయిందనుకుని పారేస్తారు, నిజానికి అది బానే ఉంటుంది. అప్పుడు మూతి మూసే ఉంటుంది గానీ కొమ్మకి కట్టిన పట్టీ మాత్రం అంత మందంగా ఉండదు, తేడా అక్కడ పట్టుకోవాలి.

సంచికి రెండు వైపులా దారి ఉంటుంది. పైన వెడల్పుగా ఉన్నది తల వైపు, కింద సన్నగా ఉన్నది తోక వైపు. రెట్ట ఆ కింది కన్నంలోంచే పడుతుంది, తర్వాత మగ మాత్ వచ్చేదీ అందులోంచే. లాగొద్దని ఎందుకన్నానంటే, పురుగు పొట్ట కింద ఉండే కండ కాళ్ళకి చిన్న చిన్న కొక్కేలుంటాయి, వాటితో సంచి లోపలి పట్టుని గట్టిగా పట్టుకుంటుంది, మీరు లాగితే అది ఇంకా బిగుస్తుంది, ఇంకొంచెం లాగితే పురుగే తెగిపోతుంది. కావాలంటే కొమ్మతో సహా కత్తిరించి తెచ్చుకోండి, లేదా పట్టుపట్టీని కత్తెరతో కోయండి.

సంచి మీద అంటించిన ముక్కలు చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, నిజంగా కూర్చుని చదవొచ్చు దాన్ని. పురుగు సంచిని పెంచేది తల వైపు నుంచే, అంటే పైన మూతి అంచు దగ్గరున్నవి కొత్త ముక్కలు, కింద తోక దగ్గరున్నవి చిన్నప్పుడు అంటించినవి. కింద ముక్కలు బాగా చిన్నవిగా, ఎండి గోధుమ రంగులో ఉంటాయి, పైకి వచ్చేకొద్దీ పెద్దవవుతాయి, అంచు దగ్గర ఒక్కోసారి ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఆ పచ్చి ముక్క ఏ చెట్టుదో పోల్చుకుంటే అది ఇప్పుడు ఏం తింటుందో తెలిసిపోతుంది, కింది ముక్కలు వేరే చెట్టువైతే మధ్యలో చెట్టు మారిందన్నమాట. పెంచాలనుకునేవాళ్ళకి ఇది చాలా ఉపయోగం, ఏ ఆకు పెట్టాలో దీన్నిబట్టే తేలుతుంది.

ముక్కలు పేర్చే పద్ధతి కూడా జాతిని బట్టి మారుతుంది. యూమెటా క్రామెరి అనేది పుల్లల్ని నిలువుగా పక్కపక్కన పేర్చుకుంటుంది, చూడటానికి కట్టెలమోపే. ఉత్తర అమెరికాలో ఎక్కువగా కనిపించే థైరిడాప్టెరిక్స్ ఎఫెమెరీఫార్మిస్ జూనిపర్, ఆర్బర్‌వైటీ లాంటి, ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల ఆకులే తగిలించుకుని చివరికి 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆ చెట్టు కాయేమో అనిపిస్తుంది. ఆప్టెరోనా అని ఒకటుంది, అది మట్టీ ఇసకా అంటించుకుని సంచిని మెలికలు తిప్పి కడుతుంది, నత్తేమో అనుకుని చాలామంది పక్కన పెట్టేస్తారు.

సంచి లోపల ప్రాణం ఉందో లేదో తెలియాలంటే కింద ఆకుల మీద చూడండి, తాజా రెట్ట గుళికలు, కొత్తగా కొరికిన ఆకు అంచులు ఉంటే బతికే ఉంది. మూతి దగ్గర పుల్లతో కొంచెం తాకితే లోపలికి లాక్కుని మూతి ముడుచుకుంటుంది. పాత సంచి అయితే కింది కన్నం చూడండి, అక్కడ ఖాళీ ప్యూపా తొడుగు సగం బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది మగది, ఎగిరిపోయింది. పక్కల్లో గుండ్రటి చిన్న రంధ్రాలుంటే లోపలి పురుగుని ఏదో పరాన్నజీవి తినేసి బయటికొచ్చింది. ఈ రెండూ లేకుండా, ఎండిపోయినట్టు, బిగుసుకుని ఉన్నదాన్ని మాత్రం ఖాళీ అనుకోవద్దు, దాని నిండా గుడ్లు ఉండే అవకాశముంది. అలాంటిది చాలా ఉంటే ఒకదాన్ని నిలువుగా కత్తిరించి చూడండి.

వీటిలా కనిపించేవి కొన్నున్నాయి, త్వరగా చెప్పేస్తాను. ఆకుని చుట్టి లోపల కూర్చునే పురుగులు వేరు, అవి ఆ చుట్టని మోసుకుని తిరగవు. ఇళ్ళల్లో గోడల మీద పుచ్చగింజలా చదునుగా, రెండు వైపులా ఒకేలా ఉండే బూడిద రంగు సంచి పాకుతుంటుంది చూశారా, దాన్నీ కేస్‌బేరర్ అనే అంటారు కానీ అది కోలియోఫోరా కాదు, మొక్కల జోలికి రాదు, పాత సాలెగూళ్ళు, వెంట్రుకలు, ఉన్ని లాంటివి తింటుంది, చీపురుతో ఊడ్చేస్తే సరి. కొన్ని ఆకు పెంకుపురుగుల పిల్లలు తమ రెట్టతోనే గట్టి తొడుగు కట్టుకుంటాయి, దాని మీద పట్టు ఉండదు. వాగుల్లో రాళ్ళ కింద గులకరాళ్ళతో గొట్టాలు కట్టుకునేవి కాడిస్‌ఫ్లై పిల్లలు, అవి మాత్‌లు కావు గానీ మాత్‌లకి బాగా దగ్గరి చుట్టాలు.

కోలియోఫోరాని పట్టుకోవడం వేరే ఆట. ఇక్కడ ముందు సంచి కనపడదు, ఆకు మీద మచ్చ కనపడుతుంది. పాలిపోయిన ఒక మచ్చ ఉంటుంది, దాన్ని వెలుతురుకి పెట్టి చూడండి, లోపలి పచ్చదనం అంతా పోయి రెండు పొరలు మాత్రమే మిగిలుంటాయి, కింది వైపు ఒక గుండ్రటి సన్నని కన్నం ఉంటుంది, లోపల రెట్ట ఉండదు. ఆకులో సొరంగం తవ్వే మిగతా పురుగులు చాలావరకు రెట్ట అక్కడే వదిలేస్తాయి, ఇది మాత్రం సంచిని ఆకు అడుగున తగిలించి, ఆ కన్నంలోంచి తలా ముందు ఒళ్ళూ లోపలికి దూర్చి, అందినంత మేర తిని, రెట్టని సంచి వెనక నుంచి బయటికి తోసేస్తుంది. కాబట్టి కన్నం ఉండి రెట్ట లేని మచ్చ కనిపిస్తే చుట్టుపక్కల ఆకుల అడుగున వెతకండి, చిన్న చుట్టలాగానో పిస్తోలు పిడిలా వంపు తిరిగో ఒక సంచి ఏటవాలుగా నిలబడి ఉంటుంది, అంతా కలిపి సెంటీమీటరు కూడా ఉండకపోవచ్చు. చాలా జాతులు మొదట్లో ఆకు లోపలే బతికి తర్వాత తిన్న మేర ఆకు ముక్కనే కత్తిరించి సంచి చేసుకుంటాయి, అందుకే ఆకు అంచున కత్తెరతో కోసినట్టు ఒక ముక్క పోయి ఉంటుంది. గింజలు తినేవి కూడా ఉన్నాయి, అవి ఎండిన పూలగుత్తుల్లో దొరుకుతాయి.

పెంచడానికి వెడల్పు మూతి గాజు సీసా తీసుకోండి, మూత బదులు పలచటి బట్ట రబ్బరు బ్యాండుతో బిగించండి, అడుగున టిష్యూ పేపరు వేయండి. పురుగు దొరికిన చెట్టు రెమ్మనే తెచ్చి పెట్టండి, రెమ్మ కాడని తడి దూదితో చుడితే ఆకు వాడిపోకుండా ఉంటుంది. నీళ్ళ గిన్నె మాత్రం పెట్టొద్దు, పడి మునిగిపోతాయి. ఆకు రోజుకోసారి, కుదరకపోతే రోజు విడిచి రోజు మార్చండి, టిష్యూ మీద రెట్ట తీసేయండి, తడి ఎక్కువైతే బూజు పడుతుంది, ఎండలో పెడితే సీసా లోపల వేడికి చచ్చిపోతాయి. సంచి పాత రెమ్మని పట్టుకుని ఉంటే లాగకుండా ఆ పాత రెమ్మనే కొత్త ఆకులకి ఆనించి ఉంచండి, అదే నడుచుకుంటూ వెళ్తుంది. ఇంకోటి, ఒక సీసాలో గుంపుగా పెట్టకండి, ఆకు తక్కువైతే పక్కదాని సంచినే కొరకడం మొదలుపెడతాయి.

రాత్రి పూట టార్చి కొంచెం పక్కకి పెట్టి చూస్తే సంచి కట్టే పని దొరకొచ్చు. ముందు ఆకు అంచుని కొరికి ఒక ముక్క వేరు చేస్తుంది, కాళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి మూతి అంచు దగ్గరికి తెచ్చుకుంటుంది, తర్వాత తలని ముక్క మీదికీ సంచి మీదికీ మార్చి మార్చి ఊపుతూ దారం వేస్తుంది, ఒక్కో ఊపుకి ఒక్కో పోగు, కాసేపటికి ముక్క కదలకుండా బిగుస్తుంది. లోపలి వైపు మళ్ళీ విడిగా నున్నగా పట్టు పూత పూస్తుంది. సీసాలో సన్నని రంగు కాగితం ముక్కలు, ఉన్ని దారం ముక్కలు వేస్తే వాటిని కూడా వాడుకుంటుంది, జపాన్‌లో పిల్లలు వీటితో రంగురంగుల సంచులు కట్టించే ఆట ఒకటుంది. అక్కడ పురుగుని పాత సంచిలోంచి బయటికి తీసి ఆడతారు, నేనైతే అది చేయమని చెప్పను, బాగా ఎదిగిన పురుగుకి మళ్ళీ మొదటి నుంచి కట్టే ఓపిక ఉండకపోవచ్చు, ఊరికే ముక్కలు వేసి వదిలేయండి, అంచు దగ్గర రంగు పట్టీ వస్తుంది, అంతే చాలు.

ఇక సంచి గట్టిగా కట్టేసుకున్నాక ఆకు పెట్టడం ఆపేయండి, ముట్టుకోకండి. లోపల పురుగు తలకిందులుగా తిరిగి తోక వైపు కన్నానికి ఎదురుగా సర్దుకుని ప్యూపా అవుతుంది. కొన్ని వారాలకి మగ మాత్ కింది నుంచి బయటికొస్తుంది, తినడానికి నోరు పనిచేయదు, బతికేది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజులూ ఆడదాన్ని వెతకడమే పని. ఆడదాని సంగతి ఇంకా విచిత్రం. చాలా జాతుల్లో దానికి రెక్కలుండవు, కొన్నిట్లో కాళ్ళు, కళ్ళు కూడా సరిగ్గా ఉండవు, సంచి దాటి బయటికే రాదు, లోపల నుంచి వాసన వదులుతుంది, మగది ఆ వాసన పట్టుకుని వచ్చి సంచి మీద వాలి, పొట్టని సాగదీసి కింది కన్నంలోంచి లోపలికి పెట్టి జతకడుతుంది. థైరిడాప్టెరిక్స్ ఆడది ఒక్కో సంచిలో 500 నుంచి 1,000 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మీ సీసాలోది ఆడదైతే మాత్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి లాభం లేదు, సీసాని బట్ట మూతితోనే ఆ చెట్టు దగ్గర పెట్టి చూడండి, బయటి నుంచి మగవి వచ్చి బట్ట మీద కొట్టుకుంటుంటే లోపల ఆడది ఉన్నట్టే.

ఇప్పుడు ఎక్కువైపోయిన చెట్టు సంగతి. ఆడది ఎగరదు కాబట్టి ఇవి ఒకే చెట్టు మీద ఏటికేడు గుట్టలుగా పెరుగుతాయి, పక్క చెట్టు శుభ్రంగా ఉంటుంది. దూరం వెళ్ళేది అప్పుడే పుట్టిన పిల్లలు మాత్రమే, సన్నని దారం వదిలి గాలికి కొట్టుకుపోతాయి. ఆకు రాల్చే వెడల్పాకు చెట్లయితే ఆకు పోయినా మళ్ళీ చిగురిస్తాయి, జూనిపర్, ఆర్బర్‌వైటీ లాంటివి మాత్రం పూర్తిగా బోడి అయితే కోలుకోవు, అక్కడ ఆలస్యం చేయొద్దు.

చేతికి అందే ఎత్తు అయితే మందు వద్దు, గుడ్లున్న కాలంలో సంచులు కత్తిరించేయడమే అన్నిటికంటే మంచి పద్ధతి, ఒక్క సంచి తీస్తే కొన్ని వందల పురుగులు పోయినట్టే. కొమ్మ మీద మిగిలే పట్టుపట్టీ కూడా కోసేయండి, లేకపోతే కొమ్మ లావయ్యేకొద్దీ అది బిగుసుకుని ఆ కొమ్మే ఎండిపోతుంది. కోసినవి చెట్టు కింద పడేయొద్దు, గుడ్లు అక్కడే పొదుగుతాయి. సబ్బు నీళ్ళలో ముంచేయండి.

చెట్టు ఎత్తుగా ఉండి స్ప్రే తప్పదనుకుంటే టైం చూసుకోండి. సంచులు సెంటీమీటరు లోపు ఉన్నప్పుడు, పురుగు బాగా తింటున్నప్పుడు మాత్రమే పని జరుగుతుంది. బాసిల్లస్ తురింజెన్సిస్ కుర్‌స్టాకీ అనే బ్యాక్టీరియాతో చేసిన మందు, అదే బీటీ స్ప్రే, పురుగు కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది, ఎండకి త్వరగా పాడైపోతుంది కాబట్టి సాయంత్రం పూట ఆకు రెండు వైపులా తడిసేలా కొట్టాలి, కొత్తవి పుడుతూనే ఉంటే మళ్ళీ కొట్టాలి. సంచి పట్టీ కట్టేశాక ఏం కొట్టినా దండగే, పురుగు తినడం ఎప్పుడో మానేసింది. ఘాటు మందులు గుడ్డిగా కొట్టడం గురించి ఒక సంగతి చెప్పాలి, 1950ల చివర్లో, 1960ల్లో మలేషియా ఆయిల్ పామ్ తోటల్లో డీడీటీ లాంటివి వాడాక సంచి పురుగులు తగ్గకపోగా విపరీతంగా పెరిగాయి, ఎందుకంటే పురుగు సంచిలో దాక్కుంది, దాన్ని తినే కందిరీగల్లాంటి పరాన్నజీవులు బయట ఉండి చచ్చాయి. ఆ తర్వాత అక్కడ తోటల అంచుల్లో టర్నెరా, ఆంటిగోనాన్ లాంటి పూల మొక్కలు పెంచడం మొదలుపెట్టారు, కందిరీగలకి తేనె దొరికితే అవి అక్కడే ఉంటాయని.

కోలియోఫోరాలో లార్చ్ అనే చలి దేశాల చెట్టు మీద వచ్చేది కూడా ఇలాగే పరాన్నజీవుల చేతే తగ్గింది. యూరప్ నుంచి వచ్చి 1886లో అమెరికాలో బయటపడింది, తర్వాత అగాథిస్ పుమిలా అనే చిన్న కందిరీగని యూరప్ నుంచే తెచ్చి వదిలారు. ఇంటి తోటలో మాత్రం ఈ చిన్న కేస్‌బేరర్లకి మచ్చలున్న ఆకులు కోసి తీసేయడం మించి ఏమీ అక్కర్లేదు.

వరి పొలంలో వచ్చే కేస్‌వర్మ్ కూడా గొట్టం కట్టుకునే ఇంకో మాత్ గొంగళి పురుగే, కానీ దానికి ఇవేవీ పనికిరావు. అది ఆకు కొనని కత్తిరించి గొట్టంలా చుట్టుకుని అందులో ఉంటుంది, కానీ ఊపిరి తీసుకునేది మొప్పలతో, పొలంలో నీళ్ళు నిలిచి ఉంటేనే బతుకుతుంది, గొట్టంలో కూర్చుని నీటి మీద తేలుతూ దుబ్బు నుంచి దుబ్బుకి వెళ్తుంది. ఆకు మీద పచ్చదనం గీకేసి తెల్లటి చారలు, నీళ్ళ మీద తేలే ఆకు గొట్టాలు, ఈ రెండూ కనిపిస్తే అదే. లేత పైరులోనే దీని గోల, పైరు ఎదిగాక మామూలుగా కోలుకుంటుంది. ఇద్దరు చెరో గట్టు మీద నిలబడి పైరు మీదుగా తాడు లాగితే ఆకులకి పట్టుకున్న గొట్టాలు నీళ్ళలో పడతాయి, వెంటనే నీళ్ళు తీసేసి రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. నీళ్ళు వదిలే మడవ దగ్గర సన్నని వల అడ్డం పెట్టి, చిక్కిన గొట్టాల్ని ఎత్తి గట్టు మీద ఆరబోసేయండి, లేకపోతే అవన్నీ తేలుకుంటూ పక్క మడిలోకి పోయి అక్కడ మొదలుపెడతాయి.